రుమాలు మీద చుక్కలు

దుండగుడు వెనకనుంచి పిల్లిలా వస్తాడు. జేబులోంచి రుమాలు తీసి కథానాయిక ముక్కుకి అదుముతాడు. ఆమె రెండు క్షణాలు కాళ్లూ చేతులూ కొట్టుకుని, తల వాల్చేస్తుంది. తర్వాత కారు డిక్కీ మూత పడుతుంది. అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలు తెచ్చుకు చదివిన మా తరానికి క్లోరోఫాం అనే మాట ఇలాంటి చోటే పరిచయమైంది. ఆసుపత్రి వాసన తర్వాతెప్పుడో తగిలింది.

ఈ రుమాలు కథ మన రచయితలు కనిపెట్టింది కాదు. 1850 ప్రాంతంలో లండన్ వీధుల్లో దొంగలు మనుషుల్ని క్లోరోఫాంతో పడగొట్టి దోచుకుంటున్నారని పుకార్లు లేచాయి. అలాంటివాళ్లకు కఠినశిక్ష వెయ్యాలని 1851లో చట్టమే తెచ్చారు. క్లోరోఫాం ఇవ్వడంలో ఆనాడు జాన్ స్నో అంత అనుభవం ఉన్నవాడు లండన్‌లో లేడు. ఆయన దీని మీద ఆ బిల్లు పెట్టిన లార్డ్ కాంబెల్‌కి అభ్యంతరం రాశాడు. మేలుకుని ఉన్న మనిషిని బలవంతాన, చప్పుడు కాకుండా, క్షణాల్లో పడుకోబెట్టడం అయ్యే పని కాదని ఆయన వాదం. నిజమే. సుఖంగా పడుకుని, డాక్టరు చెప్పినట్టు పీల్చే రోగికే కొన్ని నిమిషాలు పడుతుంది. గింజుకునేవాడికి ఇంకా ఎక్కువ పడుతుంది. మత్తు వచ్చాక కూడా రుమాలు తీసేస్తే మనిషి లేచి కూర్చుంటాడు. తీయకుండా అలాగే అదిమి ఉంచితే చచ్చిపోతాడు. లేచి కూర్చోడానికీ చచ్చిపోవడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సందులోనే క్లోరోఫాం చరిత్ర అంతా జరిగింది.

దాన్ని నొప్పి మీద మనిషి గెలుపుగా రాసినవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం అది మోతాదు కథలా కనిపిస్తుంది. నొప్పి తెలియకుండా చేసే పదార్థాల కొరత మనిషికి ఏనాడూ లేదు. ఎంత ఇవ్వాలో తెలియకపోవడమే ఎప్పుడూ ఉన్న కొరత.

పాత మందుల వైపు ఒకసారి చూస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. కోత పెట్టే ముందు రోగికి కడుపునిండా పెట్టమని, తాగే అలవాటున్నవాడికి మద్యం పట్టమని సుశ్రుతుడు చెప్పాడు. గ్రీకు వైద్యుడు డయాస్కరిడీస్ మొదటి శతాబ్దంలో మాండ్రేక్ వేరును ద్రాక్షసారాలో మరగబెట్టి ఇచ్చే పద్ధతి రాశాడు. మధ్యయుగపు ఐరోపాలో నల్లమందు, మాండ్రేక్, ఖురాసాని వాము రసాల్లో స్పాంజిని నానబెట్టి ఎండబెట్టేవారు. అవసరమైనప్పుడు తడిపి ముక్కు దగ్గర పెట్టేవారు. చైనాలో హువా తువో అనే వైద్యుడు సారాలో ఏదో పొడి కలిపి ఇచ్చి కడుపు కోసేవాడని అక్కడి చరిత్రలు చెబుతాయి. ఆ పొడిలో ఏముందో ఎవరికీ తెలియదు. మన భోజప్రబంధంలోనూ ఇలాంటి కథ ఒకటుంది. రాజు తలలో చేప పుడితే దేవవైద్యులు మారువేషంలో వచ్చి, మోహచూర్ణంతో మైమరపించి, కపాలం తెరిచి దాన్ని తీసేశారట. పదహారో శతాబ్దపు కథాగ్రంథాన్ని పట్టుకుని ‘ప్రపంచంలో మొట్టమొదటి అనస్తీషియా మనదే’ అనేవాళ్లు ఏటా ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు. చేప సంగతి మాత్రం వాళ్లు ఎత్తరు.

కథలు కాక, తేదీతో సహా దొరికేది జపాన్‌లో ఉంది. హనవోకా సెయిషు అనే శస్త్రవైద్యుడు ఉమ్మెత్త, నాభి లాంటి మూలికలతో ఒక కషాయం తయారుచేశాడు. 1804 అక్టోబరులో దాన్ని తాగించి ఒక స్త్రీ రొమ్ములోని క్యాన్సర్ గడ్డ తీశాడు. కషాయం తాగాక మత్తు ఎక్కడానికే గంటలు పట్టేది, దిగడానికి ఇంకా ఎక్కువ. ఆ ప్రయోగాల్లో ఆయన భార్య చూపు పోగొట్టుకుందని చెబుతారు.

నోటితో తాగించే మందులన్నిటికీ ఉన్న చిక్కు ఇదే. కడుపులోకి పోయాక వెనక్కి తీసే దారి లేదు. ఒకే పొలంలో పెరిగిన రెండు ఉమ్మెత్త మొక్కల్లో విషం ఒకేలా ఉండదు. నల్లమందు ముద్దలో సరుకెంతో, కల్తీ ఎంతో అమ్మినవాడికే ఎరుక. పసిపిల్లలు ఏడవకుండా గింజంత నల్లమందు నాకించి కూలికి పోయిన తల్లులు మన దేశమంతటా ఉండేవారు. ఆ గింజ కొంచెం పెద్దదైతే పిల్ల మళ్లీ లేచేది కాదు. జర్మనీలో మందుల దుకాణంలో పనిచేసే సెర్టూర్నర్ అనే కుర్రాడు పందొమ్మిదో శతాబ్దం మొదట్లో నల్లమందులోంచి మార్ఫిన్‌ను విడగొట్టాడు. ఆ తర్వాతే ‘ఇంత’ అని తూచి ఇవ్వడం మొదలైంది. అయినా మార్ఫిన్ నొప్పిని తగ్గించేదే గాని, కాలు కోస్తుంటే తెలియకుండా చేసేది కాదు.

అందుకే 1846 దాకా శస్త్రచికిత్స అంటే వేగం. లండన్‌లో రాబర్ట్ లిస్టన్ తొడ దగ్గర కాలు తీసేయడానికి అర నిమిషం చాలనేవారు. నలుగురు బలవంతులు రోగిని అదిమిపట్టేవారు. మన దేశంలో అదే కాలంలో ఇంకో వింత నడిచింది. బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే కంపెనీ డాక్టరు 1845 నుంచి మెస్మరిజంతో, అంటే ఒళ్లంతా చేతులాడిస్తూ గంటలకొద్దీ మైకం కమ్మించి, బోదవ్యాధి వల్ల పెరిగిన పెద్ద పెద్ద వరిబీజపు గడ్డలు కోశాడు. ప్రభుత్వం ఆయనకు కలకత్తాలో ఒక చిన్న ఆసుపత్రి కూడా ఇచ్చింది. ఎస్‌డెయిల్ అబద్ధాలకోరు కాదనే నా అభిప్రాయం. ఆయన రోగుల్లో చాలామంది నిజంగానే కదలకుండా పడుకున్నారు. కానీ ఆ మైకం అందరికీ వచ్చేది కాదు, వచ్చినవాళ్లకి ఎప్పుడు దిగిపోతుందో తెలిసేది కాదు. ఇక్కడ ఆధారపడవలసింది మందు మీద కూడా కాదు, మనిషి స్వభావం మీద.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే పళ్ల డాక్టరు ఒక రోగికి ఈథర్ పీల్పించాడు. సర్జన్ వారెన్ అతని మెడ మీది కణితిని కోశాడు. రోగి అరవలేదు. అంతకు నాలుగేళ్ల ముందే జార్జియా రాష్ట్రంలో క్రాఫర్డ్ లాంగ్ అనే పల్లెటూరి వైద్యుడు ఈథర్ వాడాడు గాని, ఆ సంగతి అచ్చులోకి ఎక్కించలేదు. డిసెంబరు 21కల్లా లిస్టన్ లండన్‌లో ఈథర్‌తో కాలు తీశాడు. 1847 మార్చిలో అది కలకత్తా చేరింది. ఓడలు తప్ప వేరే దారి లేని కాలంలో ఐదు నెలల్లో ఒక వైద్యపద్ధతి సముద్రాలు దాటి రావడం మాటలు కాదు.

నోటి మందుకీ పీల్చే మందుకీ ఉన్న తేడా ఇక్కడ గమనించాలి. పీల్చేది ఊపిరితోనే లోపలికి వెళ్తుంది, ఎక్కువైందనుకుంటే ఆ ఊపిరితోనే బయటికి వచ్చేస్తుంది. మొదటిసారిగా మోతాదును కళ్లెం పట్టి లాగే వీలు దొరికింది. కళ్లెం ఎవరి చేతిలో ఉండాలన్నది అప్పటికి ఎవరికీ తట్టని ప్రశ్న.

క్లోరోఫాం పుట్టి అప్పటికే పదిహేనేళ్లు దాటింది. 1831లో ముగ్గురు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, దాన్ని తయారుచేశారు. ఫ్రాన్స్‌లో సుబేరాన్, జర్మనీలో లీబిగ్ పేరున్న రసాయనవేత్తలు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు సాకెట్స్ హార్బర్‌లో ఉన్న శామ్యూల్ గథ్రీ మాత్రం వైద్యం, తుపాకిమందు, సారా అన్నీ కలిపి చేసుకునే మనిషి. బ్లీచింగ్ పౌడరూ సారా కలిపి బట్టీ పెట్టాడు. తియ్యని ద్రవం వచ్చింది. చుట్టుపక్కలవాళ్లు దాన్ని ‘తియ్య విస్కీ’ అనుకుని రుచి చూసేవారు. 1834లో ఫ్రెంచి రసాయనవేత్త డ్యూమా దానికి పేరు పెట్టి, నిర్మాణం తేల్చాడు: ఒక కార్బన్, ఒక హైడ్రోజన్, మూడు క్లోరిన్‌లు. నీళ్లకు ఒకటిన్నర రెట్లు బరువు. నిప్పు అంటుకోదు.

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రసూతి వైద్యాచార్యుడైన జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 జనవరిలోనే కాన్పులకు ఈథర్ వాడి చూశాడు. దాని ఘాటు, దగ్గు, బుడ్లకు బుడ్లు మోసుకుపోవలసి రావడం ఆయనకు నచ్చలేదు. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరు సహాయకుల్ని కూర్చోబెట్టుకుని, దొరికిన ఆవిరల్లా గ్లాసుల్లో పోసి పీల్చి చూసేవాడు. క్లోరోఫాం పేరు ఆయన చెవిన వేసింది డేవిడ్ వాల్డీ అనే మందుల తయారీదారు. నవంబరు 4 రాత్రి సింప్సన్, కీత్, మాథ్యూస్ డంకన్ ముగ్గురూ దాన్ని పీల్చారు. కాసేపు వాగుడు, నవ్వులు, తర్వాత ముగ్గురూ బల్ల కింద. లేచాక ఇంట్లో ఆడవాళ్లలో ఒకామె కూడా ముచ్చటపడి పీల్చి, తాను దేవదూతనయ్యానంటూ నిద్రపోయిందట. ఆ గ్లాసుల్లో ఇంకో చెంచాడు ఎక్కువ పడి ఉంటే వైద్యచరిత్రలో ఆ రాత్రి మూడు శవాల కేసుగా మిగిలేది.

నాలుగు రోజులకే సింప్సన్ దాన్ని కాన్పులో వాడాడు, నవంబరు 15న ఎడిన్‌బరో పెద్దాసుపత్రిలో సభాముఖంగా ప్రదర్శించాడు. ‘నొప్పులతో కనమని దేవుడే చెప్పాడు కదా’ అన్నవాళ్లకి, ఆదాముకి గాఢనిద్ర కమ్మించి పక్కటెముక తీసింది కూడా ఆ దేవుడే కదా అని బైబిల్లోంచే జవాబిచ్చాడు. మతం మీద విజ్ఞానం గెలిచిందని చెప్పుకోవడానికి ఈ తగాదా బాగుంటుంది గాని, దాన్ని పెంచి రాశారని చరిత్రకారులు ఇప్పుడు అంటున్నారు. గట్టి అభ్యంతరాలు వచ్చింది చర్చి నుంచి కాదు, తోటి డాక్టర్ల నుంచి.

పేరు చెప్పిన వాల్డీకి కీర్తిలో వాటా పెద్దగా దక్కలేదు. ఆయన 1853లో కలకత్తా వచ్చి రసాయనాల కర్మాగారం పెట్టుకుని, 1889లో ఇక్కడే పోయాడు. ఆ సంవత్సరం గుర్తుంచుకోండి.

సింప్సన్ క్లోరోఫాంని మెచ్చుకున్న కారణాల్లో ఒకటి దానికి యంత్రం అక్కర్లేదన్నది. రుమాలు మడిచి, నాలుగు చుక్కలు పోసి, ముక్కు దగ్గర పెడితే చాలు. పల్లె వైద్యుడికీ, మంత్రసానికీ, యుద్ధభూమిలో సైనిక వైద్యుడికీ అందుబాటు. ఏడాది తిరక్కుండా ఈథర్‌ని అది ఇంగ్లండ్‌లో చాలాచోట్ల పక్కకు నెట్టింది. ఈ తేలికే దాని పాలిట శాపమైందని నేననుకుంటాను. యంత్రం ఉంటే దాన్ని నడపడం నేర్చుకోవాలి. రుమాలు పట్టుకోవడం ఎవడు నేర్చుకుంటాడు? సర్జన్ పక్కన ఖాళీగా ఉన్న కుర్ర విద్యార్థినో, నర్సునో, కాంపౌండర్నో పిలిచి పట్టుకోమనేవారు.

మూడు నెలలు తిరక్కుండానే తొలి చావు. 1848 జనవరి 28న న్యూకాసిల్ దగ్గర విన్లాటన్ గ్రామంలో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్లకి కాలిగోరు తీయాలి. ఇంతకుముందు ఇంకో కాలి గోరు ఈథర్‌తో తీశారు, ఏమీ కాలేదు. ఈసారి డాక్టరు బట్ట మీద చెంచాడు క్లోరోఫాం పోసి పీల్పించాడు. పిల్ల ముందునుంచీ బెదిరిపోయి ఉంది. కత్తి పెట్టగానే ఒక్కసారి కదిలింది. ముఖం పాలిపోయింది. నీళ్లు చల్లారు, బ్రాందీ పోశారు. రెండు మూడు నిమిషాల్లో అయిపోయింది. కాలిగోరుకి ప్రాణం పోవడం లోకాన్ని కలవరపెట్టింది. సింప్సన్ నెపాన్ని బ్రాందీ మీదికి నెట్టాడు, అది గొంతుకడ్డం పడి ఊపిరాడలేదన్నాడు. శవపరీక్ష చూసినవాళ్లు కొందరు గుండె ఆగిందన్నారు. ఊపిరా, గుండా? ఈ గొడవ అరవై ఏళ్లు నడిచింది.

జాన్ స్నో వేరే దారిన ఆలోచించాడు. కలరా నీళ్లలో వస్తుందని 1854లో బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడి తీయించిన స్నో ఈయనే. గాలిలో ఏ వేడికి ఎంత క్లోరోఫాం ఆవిరవుతుందో లెక్కలు కట్టాడు. పీల్చే గాలిలో ఆవిరి నూటికి ఐదు పాళ్లు దాటకుండా చూసే పరికరం చేశాడు. రుమాలు మీద పోస్తే ఒక ఊపిరిలో రెండు పాళ్లు, మరో ఊపిరిలో పది పాళ్లు వెళ్లొచ్చు, ఆ పదే చంపుతుందని ఆయన మాట. యాభై మరణాలను ఒక్కొక్కటిగా తవ్వి తీసి రాశాడు. తాను స్వయంగా నాలుగు వేలకు పైగా రోగులకు ఇచ్చి, దాదాపు అందరినీ క్షేమంగా లేపాడు.

తమాషా ఏమిటంటే అదే స్నో 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణికి ఎనిమిదో కాన్పులో క్లోరోఫాం ఇచ్చింది రుమాలుతోనే. యాభై మూడు నిమిషాలపాటు, కొద్ది చుక్కల చొప్పున, నొప్పి వచ్చినప్పుడల్లా. రాణి స్పృహ తప్పలేదు, నొప్పి మాత్రం తగ్గింది. రుమాలులో తప్పు లేదు, పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నదే లెక్క అని అక్కడ తేలినట్టే. లోకం నేర్చుకున్నది మాత్రం వేరు. రాణిగారికి రుమాలు పనికొస్తే మనకెందుకు పనికిరాదు? ‘లాన్సెట్’ వైద్యపత్రిక రాణికి మత్తివ్వడమేమిటని మండిపడింది. జనం పట్టించుకోలేదు. స్నో 1858లో నలభై అయిదేళ్లకే పోయాడు. ఆయన పుస్తకం ఆ తర్వాత వెలువడింది, మెచ్చుకున్నవాళ్లు ఎక్కువ, పాటించినవాళ్లు తక్కువ. ఎడిన్‌బరో బడిలో సైమ్ అనే గొప్ప సర్జన్ ఇంకో సూత్రం నేర్పాడు: నాడి చూడకండి, ఊపిరి చూడండి, మందుకి వెనకాడకండి.

ఆ సైమ్ శిష్యుడొకడు హైదరాబాదు వచ్చాడు.

ఈథర్ మరిగేది దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మన ఎండాకాలంలో మూత తీస్తే గదిలోనే సగం ఎగిరిపోతుంది, పైగా దీపం దగ్గరుంటే భగ్గుమంటుంది. క్లోరోఫాం 61 డిగ్రీలకు గాని మరగదు. కనక భారతదేశంలో పనిచేసే సర్జన్ క్లోరోఫాం పట్టుకోవడం ఈథర్‌వాదులతో సిద్ధాంత చర్చ కాదు, వేరే గతి లేకపోవడం. సైమ్ శిష్యుడైన ఆ ఎడ్వర్డ్ లారీ నిజాం రాజ్యంలో రెసిడెన్సీ సర్జన్. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, వైద్యపాఠశాలలో ఆయన మాటే వేదం. వేలమందికి క్లోరోఫాం ఇచ్చి ఒక్కరినీ పోగొట్టుకోలేదని ఆయన ధీమా. మందు గుండెను ఆపదు, ఊపిరినే ముందు ఆపుతుంది, ఊపిరి మీద కన్నుంచితే చావు ఉండదన్నది ఆయన గురువు చెప్పిన పాఠం.

దాన్ని రుజువు చేయడానికి 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. ఊరకుక్కల మీద ప్రయోగాలు చేసి, గుండె ఎప్పుడూ ఊపిరి తర్వాతే ఆగుతుందని తేల్చారు. లాన్సెట్ నమ్మలేదు. ఏ మారుమూల సంస్థానంలోనో చేసిన పరీక్ష లండన్‌లో చెల్లుతుందా అన్న ధోరణి కొంత, కొలతలు చాలవన్న న్యాయమైన ఆక్షేపణ కొంత. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇస్తాం, మీకు నమ్మకమైన మనిషినే పంపండి అంది. లాన్సెట్ ఎంచి పంపినవాడు థామస్ లాడర్ బ్రంటన్, లండన్‌లో పేరు మోసిన ఔషధశాస్త్రజ్ఞుడు, క్లోరోఫాం గుండెని ఆపగలదని అప్పటికే నమ్మినవాడు.

1889 చివరి నెలల్లో హైదరాబాదులో వందలాది జంతువుల మీద పరీక్షలు జరిగాయి: కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రాలు. రక్తపోటును మసిపూసిన కాగితం మీద గీతలుగా రాసే పరికరాలు తెచ్చారు. ఇంగ్లండ్‌కు బ్రంటన్ పంపిన తంతి సారాంశం: నేరుగా గుండెకు ప్రమాదం లేదు, ఉన్న ప్రమాదమల్లా ఊపిరాడకపోవడం, మోతాదు మీరడం. ప్రత్యర్థిగా వచ్చినవాడు వాదం మార్చుకుని వెళ్లాడు. లారీ శిబిరంలో పండగ. ఒక దేశీ సంస్థానం సొంత ఖర్చుతో, సామ్రాజ్యపు రాజధానిలోని వైద్యపత్రికను పిలిపించి, తన ప్రయోగశాలలో కూర్చోబెట్టి ఒప్పించడం అంతకుముందు జరిగిన పని కాదు. దక్కన్ గురించి రాసేటప్పుడు మనం ఎంతసేపూ కోటలూ, ముత్యాలూ, బిర్యానీ అంటామే గాని, ఈ కమిషన్ పేరు ఎత్తేవాళ్లు అరుదు.

అయితే వాళ్లు తేల్చింది తప్పు.

పూర్తిగా తప్పు కాదు. మోతాదు మెల్లగా, నిలకడగా పెంచుకుంటూ పోతే ఊపిరే ముందు ఆగుతుంది. వాళ్ల కుక్కలకి ఇచ్చిన తీరు అలాంటిదే, నిజాయితీగా చూశారు, చూసిందే రాశారు. 1893లో ఇంగ్లండ్‌లో గాస్కెల్, షోర్ వేరే ప్రయోగాలతో దీన్ని ఎదిరించారు. కానీ చిక్కుముడి విప్పింది 1911లో గుడ్‌మన్ లెవీ. పిల్లులకి క్లోరోఫాం ఎక్కువిస్తే కాదు, తక్కువిచ్చి, ఆ పైపై మత్తులో ఉండగా అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెట్టి, నిమిషాల్లో ఆగిపోయింది. భయపడ్డ మనిషి ఒంట్లో ఊరేది అడ్రినలినే. అంటే మత్తు సగంలో ఉన్నప్పుడు, రోగి బెదిరి గింజుకుంటున్నప్పుడు, లేదా ‘కొంచెమే ఇస్తే క్షేమం’ అని భయం కొద్దీ రుమాలు తీసీ పెట్టీ చేస్తున్నప్పుడు చావు వస్తుంది.

విన్లాటన్ పిల్లని మళ్లీ తలుచుకోండి. ముందునుంచీ బెదిరి ఉంది. చెంచాడు మందు. కత్తి తగలగానే కదిలింది, అంటే మత్తు పూర్తిగా ఎక్కలేదు. లెవీ చెప్పిన దానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉండదు. లారీ రోగులు ఎందుకు బతికారో కూడా ఇందులోనే ఉంది. ఆయన వెనకాడకుండా పీల్పించేవాడు, సగం మత్తులో ఎవరినీ ఎక్కువసేపు ఉంచేవాడు కాదు. సూత్రం తప్పు, చేసే తీరు సరైనది. హైదరాబాదు కమిషన్ అడిగిన ప్రశ్న ‘ఊపిరా, గుండా’ అన్నది. ఎంత, ఎంత వేగంగా, ఏ దశలో అని అడిగి ఉంటే అన్ని వందల జంతువుల్లో ఆ వణుకు కొన్నిటిలోనైనా వాళ్ల కంటబడేదేమో.

ఆ కమిషన్ వాదాలు చరిత్రలో కలిసిపోయాయి గాని, దాని నీడలోంచి వచ్చిన ఒక మనిషి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. లారీ 1885లో హైదరాబాదు వైద్యపాఠశాలలో అయిదుగురు స్త్రీలని చేర్చుకున్నాడు. వాళ్లలో పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో చదువు ముగించి, దాదాపు మూడు దశాబ్దాలు ఇదే పని చేసింది: రోగి తల దగ్గర కూర్చుని క్లోరోఫాం ఇవ్వడం. ఇప్పటి సుల్తాన్‌బజార్‌లోని రెసిడెన్సీ ఆసుపత్రిలో, అఫ్జల్‌గంజ్‌లో, జనానా ఆసుపత్రిలో. 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాల్లో డిప్లొమా చదివి వచ్చింది, ఎందుకంటే మత్తుకి సంబంధించిన ప్రత్యేక చదువు అప్పటికి ఎక్కడా లేదు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆమేనంటారు. ‘తొలి’ అనే బిరుదుల మీద నాకు పెద్దగా గురి లేదు. కానీ ఇంగ్లండ్‌లో సైతం రుమాలు పట్టడం ఎవడో ఒకడి చేతికి అప్పజెప్పే కాలంలో, హైదరాబాదులో అదొక జీవితకాలపు వృత్తి అయింది. లారీ సిద్ధాంతం కన్నా ఆయన చేసిన ఈ ఏర్పాటే గట్టిది.

ఇది శస్త్రచికిత్స సంగతి. క్లోరోఫాంకి ఇంకో జీవితం ఉంది, సీసాల్లో, చెంచాల్లో. సైన్యంలో డాక్టరుగా ఇండియాలో పనిచేసిన జాన్ కాలిస్ బ్రౌన్ కలరాకని ఒక మందు కలిపాడు: నల్లమందు సారం, గంజాయి సారం, క్లోరోఫాం. క్లోరోడైన్ పేరుతో 1856 నుంచి అది బజార్లో పడింది. దగ్గుకి, విరేచనాలకి, నిద్రపట్టకపోతే, పంటి నొప్పికి, దేనికైనా అదే. ఆ మూడింటి కలయిక దేనికి పనిచేయదు గనక? ఇండియాకి వచ్చే ఇంగ్లీషువాళ్ల పెట్టెల్లో అది తప్పనిసరి సరుకైంది. దానికి బానిసలైనవాళ్లూ, ఎక్కువ తాగి పోయినవాళ్లూ తక్కువేం కాదు.

మన ఊళ్లలో పెరిగినవాళ్లకి క్లోరోఫాం ఇంకో రూపంలో తెలుసు. గవర్నమెంటు ఆసుపత్రిలో కాంపౌండర్ మీరు తెచ్చిన సీసా కడిగి, పెద్ద జాడీలోంచి ఎర్రటి మిక్చరు పోసేవాడు. సీసాకి ఒక కాగితం పట్టీ అంటించేవాడు, పక్కల్లో మెట్లు మెట్లుగా కత్తిరించి, ఒక మెట్టు ఒక మోతాదు. ఆ మిక్చర్లలో చాలావాటిని క్లోరోఫాం కలిపిన నీళ్లతో చేసేవారు. తియ్యగా, నాలుకకి చల్లగా తగిలేది, మందు పాడవకుండానూ ఉండేది. ముక్కు ద్వారా ఇచ్చే క్లోరోఫాంకి వందేళ్లు దొరకని కొలత, నోటి ద్వారా ఇచ్చే క్లోరోఫాంకి కత్తెరతో కత్తిరించిన కాగితం ముక్క మీద దొరికింది.

గుండె ఒక్కటే కాదు, కాలేయం కూడా దెబ్బతింటుందని పందొమ్మిదో శతాబ్దం చివరికి తెలిసింది. ఆపరేషన్ బాగా జరిగి, లేచి కూర్చున్న పిల్లలు రెండు మూడు రోజులకి వాంతులు, కామెర్లతో పోయేవారు. క్లోరోఫాం కాలేయంలో విరిగి ఫాస్జీన్ అవుతుంది, మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అదే. ఎండ తగిలినా నెమ్మదిగా అలాగే మారుతుంది, అందుకే నేటికీ గోధుమరంగు సీసాల్లో, కాస్త ఆల్కహాల్ కలిపి నిలవచేస్తారు. ఎలుకల్లో క్యాన్సర్ కనిపించాక 1976లో అమెరికా దాన్ని మందుల్లో, సౌందర్య సాధనాల్లో నిషేధించింది. అంతకు రెండేళ్ల ముందే ఇంకో సంగతి బయటపడింది: క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లలో, ఆకులూ మట్టీ నుంచి వచ్చిన పదార్థాలతో ఆ క్లోరిన్ కలిసి, క్లోరోఫాం దానంతటదే తయారవుతోంది. లీటరుకి 0.3 మిల్లీగ్రాముల దాకా పరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. క్లోరిన్ మానేస్తే కలరా వస్తుంది. కాబట్టి తాగుతూనే ఉన్నాం.

ఆపరేషన్ గదిలో దాని చివరి రోజులు విచిత్రంగా గడిచాయి. ప్రాణనష్టం రెండున్నర మూడు వేలమందికి ఒకరని పాత లెక్కలు, ఈథర్‌తో పోలిస్తే చాలా రెట్లు ఎక్కువ. అయినా పేలదు, మండదు, చౌక. అందుకని విద్యుత్ పరికరాలు వచ్చిన కొత్తల్లో దానికి ఇంకోసారి న్యాయం చేద్దామని అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ వాటర్స్ బృందం పూనుకుంది. వందేళ్ల తర్వాత మళ్లీ మొదటినుంచి పరీక్షించి 1951లో పుస్తకం వేశారు. కొలిచి ఇస్తే, ఊపిరికి తోడు అందిస్తే, అది అంత దుర్మార్గపు మందేం కాదని వాళ్ల తీర్పు. కొలవడం కోసం ఆ బృందంలోని లూసియన్ మారిస్ రాగితో ఒక పాత్ర చేశాడు. ఆక్సిజన్ దాని అడుగునుంచి సన్నని బుడగలై క్లోరోఫాంలోంచి పైకి వస్తుంది, రాగి వేడిని నిలకడగా ఉంచుతుంది, బయటికి వచ్చే ఆవిరి ఎంతో లెక్కకట్టి చెప్పొచ్చు. రాగి కెటిల్ అని పేరు. స్నో తన చిన్న నీళ్లగిన్నె పరికరంతో చేయాలనుకున్నది అచ్చంగా అదే.

అప్పటికే ఇంగ్లండ్‌లో ఐ.సి.ఐ. కంపెనీలో చార్లెస్ సక్లింగ్ హాలోథేన్ తయారుచేశాడు. 1956లో మాంచెస్టర్‌లో మైకేల్ జాన్‌స్టన్ దాన్ని రోగులకిచ్చాడు. పేలదు, తియ్యని వాసన, పీల్చడం సుఖం. గుండెని అడ్రినలిన్‌కి బెదిరేలా చేసే గుణం దానికీ ఉంది, అరుదుగా కాలేయాన్ని చెరిచే గుణమూ ఉంది. కానీ అది ఆపరేషన్ గదిలోకి వచ్చేటప్పటికి కొలిచే పాత్ర సిద్ధంగా ఉంది, పక్కన కూర్చోడానికి చదువుకున్న మత్తు డాక్టరూ ఉన్నాడు. క్లోరోఫాం కోసం చేసిన రాగి కెటిల్‌ని ఈథర్‌తో, హాలోథేన్‌తో నింపి ఏళ్ల తరబడి వాడారు. క్లోరోఫాం ఫ్రిజ్‌లో వాడే వాయువులకీ, టెఫ్లాన్ పెనాలకీ ముడిసరుకై ఫ్యాక్టరీలకు వెళ్లిపోయింది.